వచ్చింటే: సటీకా సతాత్పర్యము

మూలము

"పడిన దినమే పుత్తూరికి వచ్చింటే, ఈ పొద్దుకి నడిచి పొయ్యేవాణ్ణి గదా సామీ!"

అవతారిక

కర్త ఎవరో తేల్చకుండా టీక మొదలుపెట్టకూడదని పెద్దల మాట. ఈ వాక్యకర్త పేరు చెప్పలేదు, కాలు చూపించాడు. ఎడమకాలు. మోకాటికింద వాపు, వాపుమీద ఏ ఊళ్లోనో ఎవరో పూసిన పచ్చటి పసరు, దానిమీద మాసిన తువ్వాలు. స్థలం పుత్తూరు పక్కన రాచపాళెం, ఎముక విరిగినవాళ్లు కట్టుకోసం కూర్చునే బల్ల. కాలం మామిడికాయ కోతలు. ఆయన పడింది కూడా మామిడిచెట్టు మీదినించే. ఆయనకు ఒకపక్క భార్య, ఇంకోపక్క మనవరాలు. ఆ పక్కన నేను, మణికట్టు బెణికిన మావాణ్ణి పెట్టుకుని.

మనవరాలు తిరుపతిలో డిగ్రీ చదువుతోంది, ఫోనులో స్పానిష్ నేర్చుకుంటోంది. తాత మూలుగుతున్నంతసేపూ ఆ పిల్ల "అబ్లారా, అబ్లారాస్, అబ్లారా" అని శబ్దమంజరి వల్లించినట్టు వల్లిస్తూనే ఉంది. తాత నోట పై వాక్యం వెలువడగానే తలెత్తి, "సార్, మా తాత ఇప్పుడన్నాడే, అదే సార్ నా పాఠం! ఇంపర్‌ఫెక్ట్ సబ్‌జంక్టివ్!" అంది. తాత ఆ మాట విని తన జబ్బు పేరనుకుని ఇంకాస్త దిగులుపడ్డాడు.

మల్లినాథసూరి తన వ్యాఖ్యలకు రెండు కట్టుబాట్లు పెట్టుకున్నాడు: మూలంలో లేనిది రాయడట, అక్కరలేనిది చెప్పడట. ఆ రెండూ పాటిస్తే ఈ టీక ఇక్కడే ఆగిపోవాలి. కాబట్టి మహానుభావుడికి ఒక నమస్కారం పెట్టి ముందుకు పోతున్నాను.

ప్రతిపదార్థము

పడిన దినమే = చెట్టుమీదినించి నేలకు దిగిన ఆనాడే. దిగిన పద్ధతి వాచ్యం కాదు. చివరి ఏకారం అవధారణార్థకం. ఆనాటికీ ఈనాటికీ మధ్య ఎవరెవరి చేతుల్లోనో గడిచిన దినాలన్నిటినీ ఈ ఒక్క ఏకారమే తిడుతోంది.

పుత్తూరికి = పుత్తూరు అనే ఊరికి. పుత్తూర్లు ఒకటికి మించి ఉన్నాయి, కర్ణాటకలో దక్షిణ కన్నడ జిల్లాలో ఒకటుంది. ఇది మన పుత్తూరు: 1911 దాకా ఉత్తరార్కాటు జిల్లా, తర్వాత చిత్తూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. ఊరు కదల్లేదు, జిల్లాలే దానిమీదుగా నడిచిపోయాయి. ఇక్కడి 'కి' ప్రత్యయం వ్యర్థం కాదు. తమిళనాట ఎన్నో ఊళ్లలో 'పుత్తూరు కట్టు' అని బోర్డులు వేలాడుతుంటాయి, అంటే పుత్తూరే రోగి దగ్గరికి పోతోందన్నమాట. కర్త కోరింది అది కాదు. తానే పుత్తూరికి రావాలి. ఆకు పసరు, గుడ్డుసొన, వెదురుబద్దలు, గుడ్డ: ఈ సామగ్రి ఎక్కడైనా దొరుకుతుంది, చెయ్యి మాత్రం ఇక్కడిదే కావాలని ఆయన పట్టు. (ఆ పట్టు వైద్యశాస్త్రానికి సమ్మతమా అనేది టీకాకారుడి పని కాదు. ఎముక తోలు చీల్చుకుని బయటికొచ్చిన గాయమైతే మాత్రం నేరుగా ఆసుపత్రికే పోవాలి. ఇది మూలంలో లేదు, అయినా రాశాను.)

వచ్చింటే = వచ్చి ఉంటే. రాలేదని ఇక్కడే తొందరపడి అర్థం చెప్పేయకూడదు. కారణం కింద వస్తుంది.

ఈ పొద్దుకి = నేటికల్లా.

నడిచి పొయ్యేవాణ్ణి = నడిచి పోయి ఉండేవాడిని. ఎక్కడికి? గమ్యం చెప్పలేదు. తిరుమల కొండకని మనవరాలి మతం. మామిడితోటకని భార్య మతం. బాత్రూముకని నా మతం, ఎందుకంటే అంతకు కాసేపటి ముందే ఇద్దరు చెరోరెక్క పట్టుకుంటేగానీ ఆయన అక్కడిదాకా పోలేకపోయాడు.

గదా = ఔననమని ఒత్తిడి. ప్రశ్నార్థకమని భ్రమించి జవాబు చెప్పేవాళ్లు అపహాస్యం పాలవుతారు.

సామీ = సంబోధన. చిత్తూరు సీమలో బస్సు కండక్టరూ సామే, కలెక్టరూ సామే, ఏడుకొండలమీది ఆయనా సామే. ఇక్కడ ఎవరు ఉద్దిష్టులో నిర్ణయించడం కష్టం. ఆయన చూపు నావైపుంది, చెయ్యి కట్టు కట్టే గదివైపుంది, గొంతు మాత్రం ఇంకా పైకి పోతోంది.

వ్యాకరణము

అసలు కథ ఇక్కడుంది. వచ్చి + ఉంటే. 1858లో బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి సంధి పరిచ్ఛేదంలోనే ఒక గీత గీశాడు: క్త్వార్థకమైన ఇకారానికి సంధి లేదు. అంటే 'వచ్చి', 'చేసి', 'పడి' లాంటి అసమాపక క్రియల చివరి 'ఇ' జోలికి ఎవరూ పోరాదు. వచ్చియుంటే అని మధ్యలో యకారం పెట్టుకుని మర్యాదగా బతకాలి. ఇప్పుడు లోకం చూడండి. కోస్తావాళ్లు 'వచ్చుంటే' అన్నారు. ముందున్న 'ఇ'ని నిర్దాక్షిణ్యంగా లేపేశారు. సూరి ఏది ముట్టుకోవద్దన్నాడో సరిగ్గా దాన్నే ముట్టుకున్నారు. పుత్తూరు వాక్యం 'వచ్చింటే' అంటోంది. ఇకారం చెక్కుచెదరలేదు. పక్కనున్న 'ఉంటే'లోని ఉకారాన్ని తోసేసి ఇకారం హాయిగా కూర్చుంది. తెలుగు సంధుల్లో సాధారణంగా పోయేది ముందరి అచ్చు, ఇక్కడ వెనకది పోయింది. కాబట్టి ఇది తలకిందుల సంధి అని కాలేజీల్లో నవ్వేవాళ్లున్నారు. వాళ్లకు సమాధానం: సూరి కాపాడమన్న అక్షరాన్ని కాపాడింది ఎవరు, కోస్తానా సీమనా? ప్రయోగాన్ని బట్టే వ్యాకరణమంటారా, ఈ జిల్లా మాటను అచ్చులో నిలబెట్టిన నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ఉండనే ఉన్నాడు.

పూర్వపక్షం ఒకటి. బల్లమీద తమిళనాడునుంచి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లలో ఒకావిడ ఇదే సంగతి తన భాషలో 'అన్నిక్కే వందిరుందా' అని నిట్టూర్చింది. వందు + ఇరుందాల్. అక్కడా ఇకారమే నిలిచింది. కాబట్టి పుత్తూరు ఇకారం అరవం పక్కింటినుంచి తెచ్చుకున్న అరువు గదా అని ఆక్షేపణ. సిద్ధాంతం: కాదు. అనంతపురంలోనూ 'వచ్చింటే' అంటారు. వాళ్ల పక్కింటిది కన్నడం. అసమాపక క్రియకు 'ఉండు' తగిలించి, దానికి షరతు తగిలించే పని మాత్రం తెలుగుదీ అరవందీ ఒకటే తీరు.

ఇలాంటి షరతు రూపాలకు మన వ్యాకర్తల పేరు చేదర్థకం. సంస్కృతంలో 'చేత్' అన్న మాటకు ఉన్న అర్థాన్ని తెలుగు క్రియే మోస్తుంది కనుక ఆ పేరు. కానీ సంస్కృతం జరగని పనికి ఏకంగా ఒక లకారాన్నే కేటాయించింది. లృఙ్. పాణిని దాని విషయం క్రియాతిపత్తి అన్నాడు, పని పొసగకపోవడం. 'అభవిష్యత్' అన్న రూపం విప్పి చూస్తే మొదట్లో భూతకాలపు అకారం, నడుమ భవిష్యత్తుకు గుర్తయిన 'ష్య'. వెనక్కి తిరిగి ముందుకు చూసే రూపం. దీనికి సిద్ధాంతకౌముదిలో ఇచ్చే ఉదాహరణ ఏమిటో తెలుసునా? మంచి వాన కురిసింటే పంట బాగా పండేదని. దాన్ని రాసిన భట్టోజి దీక్షితులు రాయలసీమ శనక్కాయ చేలు చూసి రాశాడని నేననను. చూసి రాసినా ఇంతకంటే బాగా రాయలేడు.

ఇప్పుడు పిల్ల పాఠం. స్పానిష్‌లో ఈ రూపం చేసే సూత్రాన్ని ఆ పిల్ల బల్లమీద వేలితో గీసి చూపించింది. 'వాళ్లు మాట్లాడారు' అనే భూతకాల రూపం తీసుకో: అబ్లారోన్. తోక 'రోన్' కొయ్యి. 'రా' అతికించు. అబ్లారా. తినడానికి కోమియేరోన్, కోమియేరా. బతకడానికి బిబియేరోన్, బిబియేరా. రెగ్యులర్ క్రియలకే ఈ సూత్రం అనుకునేరు, పెంకె క్రియలు కూడా ఇక్కడికొచ్చేసరికి తలవంచుతాయి: తుబియేరోన్ అంటే వాళ్లకు ఉండింది, తుబియేరా అంటే ఉండింటే. ఒక్కదానికీ అపవాదం లేదు. సూరి ఇది చూసింటే కళ్లు చెమర్చేవి. 'రా'కు బదులు 'సే' పెట్టి అబ్లాసే అన్నా తప్పు కాదట. లాటిన్ అమెరికాలో మాట్లాడేటప్పుడు 'రా'దే రాజ్యమట. నేను, అతను, ఆమె ముగ్గురికీ ఒకటే అబ్లారా. తెలుగులో అలా కుదరదు. తాత 'పొయ్యేవాణ్ణి' అంటే ఆయన భార్య 'పొయ్యేదాన్ని' అనాలి.

ఈ సూత్రంలో నాకు నచ్చింది ఒకటే. అక్కడ జరగనిదాన్ని చెప్పాలంటే ముందు జరిగినదాని రూపం సరిగ్గా తెలిసుండాలి. అబ్లారోన్ రానివాడికి అబ్లారా రాదు. పుత్తూరులోనూ అంతే. 'వచ్చి' అనే జరిగిపోయిన ముక్క లేకుండా 'వచ్చింటే' పుట్టదు. ఉట్టి గాలిలోంచి పశ్చాత్తాపం చేసే రూపం ఈ రెండు భాషల్లోనూ లేదు.

అన్వయము

మీమాంసకులు వాక్యానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావాలంటారు. ఒక పదం ఇంకో పదంకోసం చూసే ఎదురుచూపు ఆకాంక్ష. ఈ వాక్యం ప్రాణమంతా అందులోనే ఉంది.

'వచ్చింటే' దగ్గర ఆగి చూడండి. వచ్చాడా, రాలేదా? తెలియదు. "మావాడు ఈపాటికి ఊరికి వచ్చింటే ఫోను చేస్తాడు" అంటామా లేదా? ఇక్కడ వాడు వచ్చే ఉండొచ్చు. అదే రూపం. ఇంకా చిన్న ఉదాహరణ: "డబ్బుంటే కొంటా", "డబ్బుంటే కొనేవాణ్ణి". 'డబ్బుంటే' రెండింటిలోనూ ఒక్కటే. మొదటివాడి జేబులో ఏమో ఉండొచ్చు, రెండోవాడి జేబు ఖాళీ. ఆ సంగతి చెప్పింది చివరి క్రియ. చివరి క్రియ పడేదాకా ఇద్దరి జేబులూ ఒకటే.

స్పెయిన్‌వాడికి ఈ ఊరట లేదు. వాడి భాషలో ఉందేమోననే షరతుకు తెంగో, లేదని ఖాయమైన షరతుకు తుబియేరా. 'సి తుబియేరా' అని నోరు తెరిచిన తక్షణమే డబ్బు లేదని తెలిసిపోతుంది, కొనడం సంగతి ఇంకా రానేలేదు. లేనితనమంతా షరతులోనే ఉంటుంది. మనకది ఫలితంలో ఉంటుంది. తెలుగు క్రియ చివరకొస్తుంది కనుక చెడ్డకబురు కూడా చివరకే వస్తుంది. 'పడిన దినమే పుత్తూరికి వచ్చింటే, ఈ పొద్దుకి నడిచి...' ఇక్కడిదాకా ఆ ముసలాయన కాలు బాగానే ఉంది. 'పొయ్యేవాణ్ణి' అన్నాకే విరిగింది.

స్పానిష్ లోకంలోనూ ఈ కట్టుబాటును ఎదిరించేవాళ్లు లేకపోలేదు. ఉత్తర స్పెయిన్‌లో బుర్గోస్ ప్రాంతంలో, బాస్క్ సీమలో జనం 'సి తుబియేరా' అనాల్సినచోట 'సి తెన్‌ద్రీయా' అంటారు, ఫలితానికి వాడే రూపాన్ని షరతుకూ తొడుగుతారు. మిగతా స్పెయిన్ నవ్వుతుంది, బడిలో పంతుళ్లు దిద్దుతారు. వాళ్లు అనడం మానలేదు. బుర్గోస్‌వాడు పుత్తూరు వస్తే బల్లమీద కాస్త జరిగి చోటివ్వాలి.

శ్లేష

'పొయ్యేవాణ్ణి'కి రెండర్థాలు. ఒకటి పైన చెప్పిందే, పోయి ఉండేవాణ్ణి, పోలేదు. రెండోది, రోజూ పోతుండేవాణ్ణి, నిజంగా పోయాను. "ఆ కాలంలో అలిపిరినించి కొండకు నడిచి పొయ్యేవాణ్ణి" అంటే మూడువేల అయిదువందల యాభై మెట్లు ఎక్కిన మాట, కల్పన కాదు. అలవాటును చెప్పే రూపానికీ అసంభవాన్ని చెప్పే రూపానికీ తెలుగులో తేడా లేదు. ముందు షరతు ఉందా లేదా అన్నదే గురుతు. ముసలాయన వాక్యంలోంచి 'వచ్చింటే' ఉన్న తునకను కొట్టేస్తే మిగిలేది ఆయన జీవితచరిత్ర.

స్పానిష్ 'రా' కథ ఇంకా విచిత్రం. లాటిన్‌లో ఆ రూపం పుట్టుక నిజంగా జరిగిపోయిన పనికే, అదీ ఇంకో పనికంటే ముందే జరిగిపోయినదానికి. శతాబ్దాలు గడిచేకొద్దీ అది జరగనిదానివైపు జారింది. సాక్షిగా పిలిపించినవాణ్ణి ముద్దాయిని చేసినట్టు.

అలంకారము

ఇలా జరిగింటే అలా అయ్యేదని ఊహించడం సంభావనాలంకారం, కువలయానందంలో ఉంది. దాన్ని రాసిన అప్పయ్య దీక్షితుల ఊరు ఆరణి దగ్గరి అడయపాళెం. పాత లెక్కన ఆయనా, ఈ మామిడిచెట్టాయనా ఒకే ఉత్తరార్కాటు జిల్లావాళ్లు. రసం కరుణమని పైకి కనిపిస్తుంది గానీ సంచారిభావాల్లో కోపం పాలు జాస్తి. మొదట పసరు పూసిన ఊరికి తీసుకుపోయింది అల్లుడట. అల్లుడు బల్లమీద కూర్చోలేదు, దూరంగా మోటారు సైకిలు తుడుచుకుంటున్నాడు. వాక్యంలో అల్లుడి పేరు లేదు. ధ్వనికారుడు చూసింటే సంతోషించేవాడు.

స్పానిష్‌వాళ్లు ఇదే రూపాన్ని మర్యాదకూ వాడతారట. కాఫీ కావాలని నేరుగా అడగకుండా 'కిసియేరా' అంటే, ఎక్కడో జరగని లోకంలో నేను కాఫీ కోరుకునేవాణ్ణి, తర్వాత తమ దయ అన్నట్టు. బల్లమీద తమిళావిడ పక్కనున్న కుర్రాడు, "అన్నా, రవ్వంత జరిగితే బాగుండు" అన్నాడు. జరగమని అనలేదు. నేను జరిగాను. మావాడి చెయ్యి కూడా జరిగింది, వాడు కెవ్వుమన్నాడు.

ఇక 'సామీ' అన్నచోట మనవరాలు ఇంకో మాట పట్టుకొచ్చింది: ఒహలా. అయితే బాగుండు అనడానికి స్పానిష్ మాట, దాని వెనక ఈ రూపమే రావచ్చు. పుట్టుక చూస్తే అరబ్బీ, దేవుడు తలిస్తే అని దాని అసలు అర్థం. 711లో స్పెయిన్‌లో అడుగుపెట్టిన అరబ్బుల చివరి రాజ్యం గ్రనడా 1492లో పోయింది. అదే ఏడు నెబ్రిహా అనే పండితుడు స్పానిష్ భాషకు వ్యాకరణం అచ్చువేశాడు. రాజ్యం పోయినా నిట్టూర్పు మాత్రం అరబ్బీలోనే ఉండిపోయింది. మనవరాలు ఇది చెప్పగానే తాత, "ఆళ్లకీ సామే దిక్కు గదమ్మీ" అని తేల్చేశాడు. సంబోధన ఎవరికన్న వివాదం దీంతో ముగిసినట్టే.

దోషము

ఒక దోషం ఉంది, అది వాక్యానిది కాదు, వాక్యం మొదలుపెట్టినదానిది. ఆయన 'వచ్చింటే' అన్నాడో లేదో బల్లంతా అంటుకుంది. "నేను ఆ ఆటో వదిలేసి బస్సెక్కింటే," అని ఒకాయన. "ఆ గుంత పూడ్చింటే," అని ఇంకొకాయన, ఎవరు పూడ్చాలో చెప్పకుండా. "ఆ బంతిని పోనీలే అని వదిలేసింటే," అని క్రికెట్ కుర్రాడు. "వానికి బ్యాటు కొనిపెట్టకుండా ఉండింటే," అని వాళ్లమ్మ. ప్రతి షరతుకూ వెనక ఇంకో షరతు, దాని వెనక ఇంకోటి, చివర ఎక్కడా కాలు ఆనదు. తార్కికులు దీన్ని అనవస్థ అంటారు. అందరి నోటా షరతులే తప్ప ఫలితం ఒక్కరూ చెప్పలేదని గమనించాలి. ఎముకలు విరిగినవాళ్ల సభలో దాన్ని ఎత్తిచూపడం సభ్యత కాదు.

తాత్పర్యము

చెట్టునుంచి పడిన ఒక రైతు, ముందుగా ఇక్కడికి రాకపోవడంవల్ల కాలు ఇంకా బాగుపడలేదని, వస్తే బాగుపడేదని, ఆ రాకపోవడం తన తప్పు కాదని, ఎవరి తప్పో చెప్పడం తనకిష్టం లేదని చెబుతున్నాడు. ఇంతే.

పాఠాంతరము

ఈ వాక్యానికి ఇంకో పాఠం కూడా దొరికింది. ఆయన భార్య అంతసేపూ గంప ఒళ్లో పెట్టుకుని మాట్లాడకుండా కూర్చుంది. ఆయన 'గదా సామీ' అని ముగించి నావైపు సాక్ష్యానికి చూడగానే ఆమె అందుకుంది: "చెట్టెక్కొద్దురా నాయినా అంటే యినకుండా... ఆ పొద్దు చెట్టెక్కకుండా ఉండింటే, పుత్తూరికి వచ్చే పనే లేకుండా పొయ్యేది!"

ఈ పాఠంలో 'పుత్తూరికి వచ్చింటే' అన్న షరతు లేచిపోయి 'చెట్టెక్కకుండా ఉండింటే' వచ్చింది. 'ఉండి' తర్వాతి ఉకారమే పోయింది, ఇకారం భద్రం, సూరికి అభ్యంతరం లేదు. పొయ్యేవాణ్ణి పోయి 'పొయ్యేది' వచ్చింది, కర్త మారాడు, నింద మాత్రం కచ్చితమైన చోట వాలింది. 'సామీ' లోపించింది, దేవుణ్ణి ఇందులోకి లాగే ఉద్దేశం ఆమెకు లేదు. భర్త ఈ పాఠాన్ని ప్రక్షిప్తమన్నాడు. మనవరాలు రెండు పాఠాలూ స్పానిష్‌లోకి సరిగ్గానే మారతాయని చెప్పి తప్పించుకుంది. నన్ను తేల్చమన్నారు. తాళపత్రాలు సరిచూసే పరిష్కర్తలకు ఒక నియమం ఉంది: రెండు పాఠాలు కనిపించినప్పుడు ఏది కఠినమైనదో అదే మూలానికి దగ్గరిది, ఎందుకంటే కఠినమైనదాన్ని తేలిక చేసి రాసుకునేవాళ్లుంటారు గానీ తేలికైనదాన్ని కఠినం చేసుకునేవాళ్లుండరు. ఆయనకు కఠినమైన పాఠం ఆమెదే. కాబట్టి అదే గ్రాహ్యం.